అడగనిదే వెయ్యని చెయ్యి

మార్చి 5, విభూది బుధవారం

కాగితం మీద పెట్టిన మాట ఒడ్డున పడ్డ చేపలాంటిదని తాత అనేవాడు. ఆయనకి చదువు రాదు. నేను హైస్కూలు దాకా చదివాను. అయినా ఆయన మాట మనసులో ఉండిపోయి, స్కూలు వంటగదిలో సరుకులు రాసుకోవడానికి తప్ప పెన్ను పట్టలేదు. ఇవాళ పట్టాను. నోటితో ఎవరికీ చెప్పుకోవడానికి వీల్లేని సంగతి ఒకటి నన్ను తినేస్తోంది.

మా తమ్ముడు ఓవీకి గొంతులో క్యాన్సర్. సోమవారం నుంచి లఫయెట్‌లో కరెంటు పెడుతున్నారు, వారానికి ఐదు రోజులు. ట్రక్కు నేనే నడుపుతున్నాను. మెడ మీద చర్మం కాలిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది.

కాలిన మంటని దించే ప్రార్థన నా దగ్గరుంది. తాత ఇచ్చింది. ఈ కరకట్ట కింద ఎవరికి వేడినూనె పడ్డా, సర్పి లేచినా, ఎండదెబ్బ తగిలినా నా దగ్గరికే వస్తారు, ఇదివరకు తాత దగ్గరికి వచ్చినట్టే. కానీ నొప్పి ఉన్నవాళ్ళు అడగాలి. "చెయ్యి వెయ్యనా" అని మనంతట మనం అనకూడదు. అంటే ఆ ప్రార్థన వట్టి మాటలైపోతుంది.

ఓవీ అడగడు.

ఎర్లీన్‌తో చెప్పుకుందామా అంటే, పక్కిల్లే, సాయంత్రానికి వాడి చెవిన వేస్తుంది. అదీ నేను అన్నట్టే లెక్క. అందుకే ఈ పుస్తకం.

పూజ నుంచి నుదుటి మీద విభూదితో వచ్చాను. "అక్కా, పొయ్యి ఊదావా?" అన్నాడు ఓవీ. నవ్వాను. వాడు నవ్వించగలిగినన్నాళ్ళు ఫరవాలేదు.

మార్చి 7

తలనొప్పి. ఎడమ కంటి వెనక, ఎప్పటి చోటే. ఎవరి మంటైనా దించగలను గానీ నా తల మీద నా చెయ్యి పనిచెయ్యదు. అదీ ఒక కట్టుబాటే.

మార్చి 11

ఆస్పత్రిలో నర్సుకి ఓవీ మీద కోపం వచ్చింది. రోజూ చెయ్యి పట్టుకుని బల్ల దించుతుంది, మంచినీళ్ళు ఇస్తుంది, వీడు తల ఊపి వచ్చేస్తాడు. ఇవాళ అనేసింది: "మీ ఇంట్లో థాంక్స్ చెప్పడం నేర్పలేదా?"

"లేదు," అన్నాడు ఓవీ. "నిజంగానే నేర్పలేదు."

నేను వాడి బదులు చెప్పి బయటికి లాక్కొచ్చాను. ట్రక్కులో ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఓవీ చిన్నప్పుడు ఆల్చిప్ప మీద కాలేసి మడమ చీల్చుకున్నాడు. తాత రక్తం కట్టే ప్రార్థన చెప్పి ఆపాడు. స్కూల్లో టీచరు మర్యాద నేర్పించిన రోజులు. వీడు బుద్ధిమంతుడిలా "థాంక్యూ తాతా" అన్నాడు. అంతే, మళ్ళీ రక్తం బొటబొటా కారింది. చెయ్యి వేసినవాళ్ళకి థాంక్స్ చెబితే వేసింది విరిగిపోతుంది. తాత తలపట్టుకుని, నవ్వాపుకుంటూ, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఆరోజు నుంచి ఓవీ ఎవ్వరికీ, దేనికీ థాంక్స్ చెప్పలేదు. పెళ్ళాం విడాకులప్పుడు జడ్జి ముందు అదీ ఒక ఫిర్యాదుగా చెప్పిందట.

మార్చి 19, జోజప్పగారి పండుగ

ఇవాళ స్కూల్లో సెలవు దొరికింది. తాత పేరు మీద పూజ చెప్పించాను. కొత్త ఫాదర్ "అడ్రాస్ గిడ్రో, ఎవరండీ ఈయన?" అని అడిగారు. ఏం చెప్పను? మా తాతగారండీ, అన్నాను.

నాన్న పడవ ప్రమాదంలో పోయాక అమ్మ పని వెతుక్కుంటూ లూసియానా దాటి టెక్సాస్ వెళ్ళింది, ఇక రాలేదు. మమ్మల్ని తాతే పెంచాడు. పగలు వలలు, బుట్టలు. మిగతా టైమంతా ఊరిది. మా వంటింటి తలుపుకి గడియ ఉండేది కాదు. పళ్ళెంలో అన్నం పెట్టుకుని కూర్చోగానే ఎవరో ఒకరు గుమ్మంలో టోపీ తీసి నిలబడేవాళ్ళు. "అడ్రాస్, పిల్లకి నోరు పూసింది." తాత తన పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి లేచేవాడు. వాన తొట్టిలో చేతులు కడుక్కునేవాడు. నల్లవాళ్ళా, తెల్లవాళ్ళా, షెరీఫ్ పెళ్ళామా అని చూసేవాడు కాదు. ఒకసారి రొయ్యల పడవలవాళ్ళ వియత్నాం ఆవిడ వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, తాతకి ఫ్రెంచి తప్ప సరిగ్గా ఏదీ రాదు. కాలిన మోచెయ్యి చాచింది. అడగడమంటే అంతకంటే ఏముంది, అన్నాడు తాత.

పంపించేటప్పుడు అందరికీ ఒకే మాట. "రేపు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళు. పని పంచుకోవడానికి దేవుడికి నామోషీ లేదు."

వరదొస్తే పడవలో వెళ్ళేవాడు. అప్పటికి ఆయన కళ్ళు మందగించాయి. పడవ నడిపింది ఓవీ, పదహారేళ్ళవాడు, చీకట్లో చెట్ల మధ్య నుంచి. అందుకే, తాత ప్రార్థనలు నాకిచ్చిన రోజున వాడి మొహం చూడలేకపోయాను. "పడవ నాది, ప్రార్థన ఆవిడదీనా?" అన్నాడు. మగవాడు ఆడమనిషికే ఇవ్వాలిరా, అని తాత ఎంత చెప్పినా వినలేదు. మగవాడు ఆడమనిషికి, ఆడమనిషి మగవాడికి, అదీ తనకంటే చిన్నవాళ్ళకి. ఇచ్చాక ఇచ్చినవాళ్ళ దగ్గర ఉండవు.

ఓవీ నాకంటే నాలుగేళ్ళు చిన్న. నేను వాడికి ఇవ్వచ్చు. ఆ సంగతి నాకు తెలియక కాదు. సమయం రాలేదు, అంతే.

తాతని పాతిపెట్టిన రోజు ఊరంతా వచ్చింది. ఒక్కరూ ఆయన చేసిన మేలు మాట ఎత్తలేదు. అప్పటి ఫాదర్ ఇదేం రాతిగుండెల ఊరు అనుకున్నారు. మర్నాడు పొద్దున చూస్తే మా వసారా మెట్ల మీద అడుగు పెట్టడానికి చోటు లేదు. గుడ్లు, అత్తిపండ్ల సీసాలు, బియ్యం, ఒక బతికున్న కోడి. చెప్పకూడదు, పెట్టి వెళ్ళచ్చు.

మార్చి 27

మెడ ఎర్రబడింది. కాలర్ లేని చొక్కాలు కొని తెచ్చాను. తొడుక్కున్నాడు, అంతే.

ఏప్రిల్ 1

తలనొప్పి. పప్పు మాడింది.

ఏప్రిల్ 4

చర్మం ఊడుతోంది. చెవి కింద నుంచి భుజం దాకా పచ్చి మాంసం. ఆస్పత్రిలో ఇచ్చిన లేపనం రాస్తుంటే వాడి కాలివేళ్ళు ముడుచుకుపోతున్నాయి. నా వేళ్ళు అక్కడే ఉన్నాయి, మంట మీదే. ప్రార్థన నాలుక చివర ఉంది. అడగరా, అని మనసులో అనుకున్నాను. మనసులో అనుకోవడం కూడా తప్పేమో. పరలోక జపం చెప్పుకున్నాను, అది ఎవరూ అడక్కపోయినా చెప్పచ్చు.

వాడు బియ్యపు జావ కూడా మింగలేకపోతున్నాడు.

నాకేం తొందర లేదు. వాడే అడుగుతాడు.

ఏప్రిల్ 9

ఎర్లీన్‌కి సర్పి లేచింది, నడుం చుట్టూ. మేం వంటింట్లో ఉండగా వచ్చింది. ఓవీ జావ గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు.

"నొయెలీ, చెయ్యి వేస్తావా తల్లీ? నడుంకి నిప్పుల పట్టీ కట్టినట్టుంది," అంది. చూశావా, ఎంత తేలికో. గుమ్మం దాటకుండానే అడిగేసింది. ఓవీని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఆవిడ చొక్కా ఎత్తి, చేతులు కడుక్కుని వేశాను. సర్పికి మూడుసార్లు వెయ్యాలి. వచ్చే బుధవారం రెండోది.

వెళ్తూ వెళ్తూ ఎర్లీన్ వాడి మెడ చూసింది. "ఇంట్లో బావి పెట్టుకుని ఊరంతా దాహమంటావేంరా వెర్రివాడా?"

"నేనెక్కడన్నాను దాహమని?" అన్నాడు ఓవీ. గొంతు గరగరలాడింది.

ఆవిడ వెళ్ళాక నేను గిన్నెలు తోముతూనే ఉన్నాను. తోమినవే తోమాను. వాడు ఏమైనా అంటాడేమోనని. లేచి, పెరట్లో వెనక ఉన్న తన రేకుల ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 11

ఇవాళ రానన్నాడు.

తలుపు తియ్యకుండా లోపలినుంచే. "చాలక్కా. ఆ మంట మీద ఇంకో మంట పెట్టించుకోలేను. చచ్చేవాణ్ణి చల్లగా చావనీ."

ఆస్పత్రికి ఫోన్ చేశాను. మధ్యలో ఆపితే అది మళ్ళీ పెరుగుతుందమ్మా, ఎలాగైనా తీసుకురండి, అంది అదే నర్సు. వాడి మీద కోపమున్న నర్సు. ఏడ్చినట్టే ఉంది గొంతు.

ఒక్కసారి అడిగితే చాలు. ఆ మంట సగమైనా దిగితే మళ్ళీ వెళ్తాడు. ఒక్క మాటలో వాడి ప్రాణం ఉంది. తాతా, ఈ కట్టుబాటు ఎవరు పెట్టారు?

ఏప్రిల్ 14, సోమవారం

ఇవాళా వెళ్ళలేదు. సాయంత్రం వాడే వచ్చాడు వంటింట్లోకి.

"అక్కా, నిన్నొకటి అడగాలి."

తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. తుడుచుకుని వచ్చి వాడి ముందు నిలబడ్డాను.

నా చేతులు చూసి తల అడ్డంగా ఊపాడు. "అది కాదు. ప్రార్థనలు. అవి నాకిచ్చెయ్."

తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాను.

"ఇస్తే నా దగ్గర ఉండవు."

"తెలుసు."

"తర్వాత నువ్వు అడిగినా నేను వెయ్యలేను. నీకు నువ్వూ వేసుకోలేవు."

"నేనూ తాత ఇంట్లోనే పెరిగానక్కా. పెరట్లో కాదు."

"మరెందుకురా? ముందు నయం చేసుకో. తర్వాత ఇస్తాను. ఒక్క మాట అడుగు."

అనేశాను. అడక్కూడని మాట నోరు జారింది. వాడు నా వైపు జాలిగా చూశాడు, తప్పు చేసింది నేను కాదన్నట్టు.

"నువ్వు చెయ్యి వేస్తే నేను ఇంకోసారి రోగినే," అన్నాడు. మాట మాటకీ ఆగి మింగుతున్నాడు. "అక్కడ బల్ల మీద పడుకోబెట్టి మొహానికి జల్లెడ తొడుగు బిగిస్తారు. కదలకంటారు. నువ్వు నోరు తెరువంటావు. ఎర్లీన్ అయ్యో పాపం అంటుంది. పడవ అమ్మేశాను. నన్ను ఒక పని అడిగినవాళ్ళు లేరు, ఎన్నాళ్ళనుంచో. తాత గుర్తున్నాడా? జ్వరంతో కూడా లేచేవాడు. ఎందుకు లేచేవాడు?"

అడిగారు కాబట్టి, అన్నాను.

"అదే."

శుక్రవారంలోపు చెప్పమన్నాడు. మా ఇంట్లో పవిత్ర శుక్రవారమే ఇస్తారు, మధ్యాహ్నం, ప్రభువు సిలువ మీద ఉన్న వేళలో.

ఏప్రిల్ 15

ఇవ్వను. ఎలా ఇస్తాను? వాడు రేపోమాపో నొప్పి తట్టుకోలేక అడుగుతాడు. అప్పటికి నా చేతుల్లో ఉండాలి. ఉంటే మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్తాను. అంతే. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

ప్రార్థనలన్నీ ఫ్రెంచిలోనే. వాడికి అది కూడా సరిగా రాదు.

ఏప్రిల్ 16

ఎర్లీన్‌కి రెండోది వేశాను. నడుం మీద బొబ్బలు ఎండుతున్నాయి. మూడోది పాస్కా మర్నాడు, సోమవారం. ఆవిడ వెళ్ళాక వసారాలో కూర్చున్నాను. మూడోది కూడా అయిపోయాక, ఇచ్చేశాక, ఇక ఈ మెట్లు ఎక్కేదెవరు? ఇక మిగిలేది పూజ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే నొయెలీ. స్కూల్లో పిల్లలకి అన్నం వడ్డించే నొయెలీ. అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.

నిన్న రాసింది చదువుకున్నాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

ఏప్రిల్ 17, పవిత్ర గురువారం

ఓవీ రెండు రోజులుగా తలుపు తియ్యలేదు. కిటికీలోంచి జావ గిన్నె అందుకుంటున్నాడు. కళ్ళు లోపలికి పోయాయి.

గుడిలో ఫాదర్ జనం పాదాలు కడుగుతుంటే తాత చివరి ఏడాది గుర్తొచ్చింది. నాకు ఇచ్చేశాక కూడా జనం అలవాటుగా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. గడ్డంతో నా వైపు చూపించేవాడు. "అటు. ఇప్పుడు ఆ పిల్ల." కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. నాకు పాపం అనిపించేది.

ఒకరోజు నన్ను పిలిచి, ప్యాంటు మోకాలిదాకా మడిచి, "అమ్మాయీ, నా కాలు మీద చెయ్యి వేస్తావా? మండుతోంది," అన్నాడు. సరిగ్గా నేర్చుకున్నానో లేదో పరీక్షిస్తున్నాడనుకున్నాను. ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాను. కళ్ళు తెరిచి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి.

ఆ కాలు ఎప్పటినుంచి మండుతోందో నేను అడగలేదు.

ఏప్రిల్ 18, పవిత్ర శుక్రవారం

ఇచ్చాను.

తాత పాత పడవ పెరట్లో బోర్లించి ఉంటుంది. ఆయన నాకు దాని మీదే కూర్చుని చెప్పాడు. ఊరంతా నిశ్శబ్దం. ఇవాళ ఎవరూ నేల తవ్వరు, గడ్డపార ముట్టరు. ఓవీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను వాడి చెవిలో చెప్పాను, వాడు నా చెవిలో తిరిగి చెప్పాడు. ఫ్రెంచి మాటలు వాడి గొంతులో రాళ్ళలా దొర్లాయి. దగ్గొస్తే ఆగాం. ఒక్కోదాన్ని ఎన్నిసార్లు చెప్పానో. రక్తానిది, మంటది, సర్పిది, ఎండదెబ్బది, తలనొప్పిది, పిల్లల నోటిపూతది. పలకడం తప్పితే వాడే తిట్టుకున్నాడు. "దేవుడికి తెలుస్తుందిలే, తాతదీ చదువుకున్న ఫ్రెంచేం కాదుగా," అన్నాను.

"ఇప్పుడా జోకులు?" అన్నాడు, సరిగ్గా తాత గొంతుతో.

మంట ప్రార్థన చెబుతున్నప్పుడు నా పెదవులు వాడి కాలిన మెడకి జానెడు దూరంలో ఉన్నాయి. అది పక్కనుంచే వెళ్ళిపోయింది, వాణ్ణి ముట్టుకోకుండా. వాడిలోకి వెళ్ళింది గానీ వాడికి కాదు.

అయ్యాక లేచి వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. అనడు కదా.

ఏప్రిల్ 19

తలనొప్పి. చేతులు చూసుకున్నాను. అవే చేతులు.

ఏప్రిల్ 20, పాస్కా

పూజ అయ్యాక గుడి ముందు ఎర్లీన్ పట్టుకుంది. "రేపు సాయంత్రం వస్తాను, మూడోదానికి."

"నా దగ్గరికి కాదు వదినా. ఓవీ దగ్గరికి."

ఆవిడ నోరు తెరిచింది. "ఓవీనా? చచ్చిపోతూ కూడా ఒకడికి థాంక్స్ చెప్పని మనిషి!"

"అలాంటివాడే కావాలిగా."

"బాగుంది. మా ఆయన పోయాక నా నడుం మీద మగాడి చెయ్యి పడలేదు. ఇప్పుడు ఆ మొద్దు చెయ్యి పడాలా?" అని గొణిగి, "ఎన్నింటికి రమ్మంటాడు?" అంది.

పెరట్లోకి వెళ్ళి, కిటికీ బయట నిలబడి చెప్పాను. "రేపు నాలుగింటికి ఎర్లీన్ వస్తుంది. నీ కోసం." లోపల మంచం కిర్రుమంది.

ఏప్రిల్ 21, సోమవారం

పొద్దున కాఫీ గిన్నె దించుతుంటే హారన్ మోగింది. ఆపకుండా మోగుతోంది. పరిగెత్తుకెళ్ళి చూస్తే ఓవీ ట్రక్కులో కూర్చుని ఉన్నాడు, గడ్డం గీసుకుని, మెడ చుట్టూ తడిగుడ్డతో.

"ఎంతసేపు? ఎక్కు. నాలుగింటికి పని ఉంది నాకు. తిరిగి రావద్దా?"

నర్సు వాణ్ణి చూసి, చెయ్యి పట్టుకుని బల్ల ఎక్కించింది. పోయిన రోజులన్నీ చివర్లో కలుపుతారట. తొడుగు బిగించేటప్పుడు వాడి పిడికిళ్ళు తెల్లబడ్డాయి. మంట అలాగే ఉంది. ఎక్కడికీ పోలేదు.

నాలుగింటికి ఎర్లీన్ వచ్చింది. వసారాలో నిలబడి, నా వైపు చూడకుండా, కొత్త పెళ్ళికూతురిలా "ఓవీ, చెయ్యి వేస్తావా?" అంది. వాడు తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. టోపీ తీశాడు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. నేను వంటింట్లో వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఇక అది నేను వినకూడనిది.

"రేపు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళు," అన్నాడు చివర్న.

ఏప్రిల్ 24

ఇద్దరు వచ్చారు. ఎర్లీన్ నోరు మంచిదే. ఒకాయన మెట్ల దగ్గర నన్ను చూసి టోపీ తీశాడు. గడ్డంతో పెరటివైపు చూపించాను. "అటు. ఇప్పుడు మా తమ్ముడు."

ఆస్పత్రికి రోజూ వెళ్తున్నాం. తగ్గిందీ లేనిదీ వేసవిలో గానీ తెలియదట.

ఏప్రిల్ 27, ఆదివారం

పొద్దున్నుంచి తలనొప్పి. పూజకి వెళ్ళలేకపోయాను. మధ్యాహ్నానికి వెలుతురు చూడలేక వంటింటి కిటికీకి దుప్పటి కట్టాను. ఓవీ జావ కోసం వచ్చి, చూసి, గిన్నె తనే తీసుకున్నాడు. ఏమీ అడగలేదు. వాడికీ ఇప్పుడు అదే కట్టుబాటు. కూర్చుని నెమ్మదిగా జావ తాగుతున్నాడు. తాగేసిన గిన్నెలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. తోమిన గిన్నెలే తోమినట్టు.

నా జన్మలో ఎవరినీ ఆ మాట అడగలేదు. ఎలా అడగాలో కూడా తెలియలేదు.

"ఓవీ," అన్నాను. "నా తల మీద చెయ్యి వేస్తావా?"

పరీక్షిస్తున్నానేమోనని ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు వినిపించింది. చెయ్యి తడిగా, చల్లగా, బరువుగా ఉంది. వలలు లాగిన చెయ్యి. కళ్ళు మూసుకున్నాను. తాత ఎందుకు కళ్ళు మూసుకున్నాడో తెలిసింది.

నొప్పి పోయిందా అంటే, నిద్ర పట్టింది. ఇన్నాళ్ళలో అలా పట్టలేదు.

ఏప్రిల్ 28

తెల్లవారకముందే వెళ్ళి ఓవీ మెట్ల మీద నాలుగు గుడ్లు పెట్టి వచ్చాను, మెత్తగా ఉడకబెడితే మింగగలడు. అవి ఎవరివని అడగలేదు. ట్రక్కులో మాత్రం "గుడ్లు బాగున్నాయి" అని కిటికీలోకి చెప్పాడు.

ఇక రాయను. ఇది నా తర్వాత ఎవరి చేతికైనా దొరికితే, ప్రార్థనల కోసం వెతకొద్దు, ఒక్కటీ ఇందులో లేదు. పారెయ్యకండి, తాత ఉన్నాడు ఇందులో. కానీ ఎవరికీ చూపించకండి, ముఖ్యంగా ఓవీకి. వాడికి చెప్పకూడని మాట ఒకటి ఈ పేజీల నిండా ఉంది. ఎక్కడా రాయలేదు గానీ, చదివితే వాడికి వినిపిస్తుంది.